అత్త రాసిన చీటీ

నమోదు 1, సోమవారం

ఏ రోజు ఏం జరిగిందో రాసిపెట్టమని పై నుంచి ఆర్డరు వచ్చింది. ప్రతి టెస్ట్ బెంచ్‌కీ ఒక పుస్తకం ఇచ్చారు. నా చేతికి పుస్తకం ఇస్తే పనితోపాటు నా నోరు కూడా అందులో పడుతుంది. చదివే ఆఫీసర్లు ఓపిక పట్టాలి.

నా పేరు గేదెల పైడితల్లి. పూసలదిబ్బ వైమానిక స్థావరంలో రెండో మరమ్మతు గది నాది. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు. పొద్దున్న ఏడింటికి తాళం తీసి, చెప్పులు బయట విడిచి, ఒంట్లో కరెంటు నేలకి దిగేలా మణికట్టుకి ఎర్తు పట్టీ కట్టుకుని అత్తని లేపుతాను. అత్త అంటే మా టెస్ట్ బెంచ్. గోడంత పొడుగున్న ఆ యంత్రం నుదుటిమీద ఏ, టి, ఇ అని మూడు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. స్టోరు చూసే రాజారత్నం ఎప్పుడో వాటిని కూడబలుక్కుని అత్త అని చదివాడు. తప్పులు పట్టడమే దాని పని కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది.

అత్త ముందు పెట్టేది చేతిపెట్టె. విమానంలో పైలెట్ చేతికీ రెక్కకీ మధ్య ఉంటుంది. ఎగిరేకొద్దీ ఆ పైలెట్ చేతి అలవాట్లు నేర్చుకుని, చెయ్యి కదలబోతోందని ముందే పసిగట్టి రెక్కని సిద్ధం చేస్తుంది. విమానం దిగాక పెట్టె ఊడదీసి నాకు పంపుతారు. అత్త దానికి ఉత్తుత్తి ఆకాశం చూపిస్తుంది. ఇదిగో ఎత్తు, ఇదిగో గాలి, ఇదిగో గీత, ఇక ఇంటికి తిరుగు అని. తాను బల్లమీద ఉన్నానని పెట్టెకి తెలియదు, అది నిజంగానే ఎగురుతున్నాననుకుంటుంది. పక్కన అరచెయ్యంత రేకు రెక్క బిగించి ఉంది. పెట్టె ఏం చేస్తోందో ఆ రెక్క కదిలి చూపిస్తుంది.

చివర్లో చీటీ వస్తుంది. దానిమీద మూడే మాటల్లో ఏదో ఒకటి ఉంటుంది. బాగుంది, చూడాలి, పోయింది. ఏది వచ్చినా కింద నేను "చూశాను" అని రాసి సంతకం పెట్టాలి.

ఇవాళ మూడో నంబరు విమానం పెట్టెకి "పోయింది" అని వచ్చింది. మూత విప్పి ప్రతి సర్క్యూట్ కార్డునీ, ప్రతి అతుకునీ మీటరుతో చూశాను. ఎక్కడా తప్పు లేదు. కనెక్టర్లు స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ పెట్టాను. ఐదుసార్లు పెడితే ఐదుసార్లూ అదే మాట. చేతి మీటరు బాగుందంటే దానిదే చివరిమాట అని రూలు. "చూశాను, బాగుంది" అని రాసి పంపేశాను. ముసలిదానికి చాదస్తం పట్టినట్టుంది.

నమోదు 2, మంగళవారం

మూడో నంబరు తిరిగి రాలేదు.

పైలెట్ కరుణాకర్ నిన్న టీ దగ్గర నాతో సరసమాడాడు. ఇవాళ పదకొండింటికి "గీత దగ్గరున్నాను" అన్నాడట. ఆ తరవాత మాట లేదు. గీత అంటే సముద్రంమీద అరవై మైళ్ళ అవతల మా హద్దు. దాటితే తెల్లపొర, పొగమంచులాంటిది, ఏడాది పొడుగునా కమ్ముకునే ఉంటుంది. అవతలివాళ్ళతో యుద్ధం కాగితంమీద ఇంకా నడుస్తోంది గానీ, తొమ్మిదేళ్ళుగా అటునుంచి ఒక తూటా గానీ ఒక మనిషి గానీ రాలేదు. అయినా రోజూ ఒకరు గీత దాకా వెళ్ళి, చూసి, తిరిగి రావాలి. గీత చేరామన్న ఒక్క మాట తప్ప అక్కడ రేడియోలో ఎవరూ మాట్లాడకూడదు, అవతల వింటారని.

రాడార్ తెరమీద అతని చుక్క తిరగకుండా నేరుగా, తొందరేమీ లేకుండా తెల్లపొరలోకి వెళ్ళిందని టవర్ వాళ్ళు చెప్పారు.

రాజారత్నం స్టోరు పుస్తకం తెరిచి, మూడో నంబరు పెట్టె ఎదురుగా "పోయింది" అని రాసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆ మాట చూడగానే జేబు తడుముకున్నాను. నిన్న అత్త ఇచ్చిన చీటీ ఇంకా నా జేబులోనే ఉంది.

నమోదు 3, శుక్రవారం

ఎనిమిదో నంబరు పెట్టెకీ నిన్న "పోయింది" అని వచ్చింది. మీటరేమో బాగుందంది. నేను సంతకం పెట్టనన్నాను. వింగ్ కమాండర్ నజీమా మేడమ్ పిలిపించారు.

"తప్పు ఎక్కడుందో చూపించండి పైడితల్లి గారూ, విమానం ఆపేస్తాను. తప్పు లేకుండా ఎలా ఆపను? ఉన్నవే ఐదు."

చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒకటో గది అతను వచ్చి సంతకం పెట్టాడు. ఇవాళ మధ్యాహ్నానికి ఎనిమిదో నంబరు కూడా రాలేదు.

నేరుగా స్టోరుకి వెళ్ళాను.

"రత్నమన్నా, అత్తకి తెలుగు నేర్పింది ఎవరు?"

"నేనే కదమ్మా. పన్నెండేళ్ళయిపోనాది. అంతకుముందు ఒట్టి అంకెలు సెప్పేది. తెలుగులో సెప్పాలన్నారని నా స్టోరు పుస్తకాలన్నీ దానికి మేపీసినాను."

"కాలిపోయిన పెట్టె వస్తే ఏం రాసేవాడివి?"

"పోయింది అని రాసీవోడిని."

"మరి విమానంతోపాటు తిరిగి రాని పెట్టెకి?"

రత్నం చేతిలో పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "అదీ పోయిందే కదమ్మా. దానికింకేటి రాస్తారు?"

అతన్ని ఏమనను? ఆ కుర్చీలో నేనున్నా అదే రాస్తాను. కరెంటు పోతుంది, పన్ను పోతుంది, పరువు పోతుంది, మనిషి పోతాడు. అన్నిటికీ మనకి ఒక్క మాటే సరిపోయింది. ఎక్కడ ఏ అర్థమో మనకి తెలుసు. అత్తకి ఎవరు చెప్పారు? చెడిపోయిన పెట్టెలూ, తిరిగి రాని పెట్టెలూ దానికి ఒకే గంపలో పడ్డాయి. రెండిటి లక్షణాలూ నేర్చుకుంది. బాగున్న పెట్టెని చూసి "పోయింది" అంటోందంటే చెడిందని కాదు, ఇక రాదని.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రత్నం మంచినీళ్ళు ఇచ్చాడు.

నమోదు 4, శనివారం

సెలవైనా వచ్చాను. పరీక్షకి వచ్చిన ప్రతి పెట్టె జ్ఞాపకాన్నీ అత్త దాచుకుంటుంది. ముందు కరుణాకర్‌ది తీసి నడిపించాను. రేకు రెక్క లేచింది, వాలింది, అంతా సాఫీగా ఉంది. గీత వచ్చింది. ఇంటికి తిరగాల్సిన చోట రెక్క ఆగిపోయింది. నేను లెక్కపెట్టాను. తొమ్మిది అనేసరికి కదిలి తిరిగింది. మామూలు పైలెట్‌కి అక్కడ ఒక్క క్షణం పడుతుంది. ఎనిమిదో నంబరుది పది.

కార్డుల్లో దొరకనిది ఇది. పెట్టె బాగానే ఉంది. ఇంటివైపు తిరిగే చోట చెయ్యి ఆగుతోంది, ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువగా. పెట్టె ఆ ఆగడాన్ని కూడా అలవాటనుకుని నేర్చుకుంది.

తరవాత నేను తియ్యకూడనిది తీశాను. రెండేళ్ళ కిందటి రెండో నంబరు. నా కొడుకు ధనుంజయ విమానం, అదీ తిరిగి రాలేదు.

చీటీ కూడా దొరికింది. "పోయింది" అని ఉంది. కింద నా చేతిరాత. "చూశాను, బాగుంది." ఆ రోజు నాకు గుర్తు కూడా లేదు. ఎన్ని చీటీలు, ఎన్ని సంతకాలు.

వాడి జ్ఞాపకం నడిపించాను. రెక్క పదకొండు లెక్క దాకా ఆగి తిరిగింది. నమ్మలేక ఇంకోసారి పెట్టాను. ఈసారి పద్నాలుగు. దాచిన జ్ఞాపకం మారకూడదు, ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎప్పుడూ మారలేదు. మూడోసారి పెట్టాను. భోజనం గంట కొట్టేదాకా కూర్చున్నాను. రెక్క తిరగలేదు. అత్త లోపలి ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. తెరమీద ఉత్తుత్తి ఆకాశం తెల్లగా సాగిపోతూనే ఉంది.

స్విచ్ నేనే కట్టేశాను. నా కొడుకుని నేనే ఆపేసినట్టనిపించి అక్కడే కూర్చుని ఏడ్చాను.

నమోదు 5, సోమవారం

ఇవాళ ఐదో నంబరు పెట్టె వచ్చింది. "పోయింది" అంది అత్త.

ఐదో నంబరు నడిపేది సుభాషిణి, నా కోడలు.

దాని పాత జ్ఞాపకాలన్నీ వరసగా చూశాను. నెల కిందట ఒకటి. తరవాత మూడు, ఐదు. ఇవాళ ఎనిమిది. మళ్ళీ ఎగరాల్సింది గురువారం.

ఇంట్లో మేమిద్దరమే ఉంటాం. ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒక గడప దాటకూడదంటారు, మా ఇంట్లో ఏడాదంతా ఆషాఢమే. రెండేళ్ళ కిందట ఆ రోజు వంతు సుభాషిణిది. జ్వరమొచ్చింది. దాని బదులు ధనుంజయ వెళ్ళాడు. అప్పటినుంచి నేను దాంతో మాట్లాడలేదు. వండి మూతపెడతాను, తింటుంది. అది సర్దిన వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో నేనే వెతుక్కుంటాను గానీ అడగను. నా పంతం నాది అనుకున్నాను. రెండేళ్ళు అనుకున్నాను.

ఈ రాత్రి అది తిని కంచం కడిగి, పీట దగ్గర ఒక్క క్షణం నిలబడింది, నేనేమైనా అంటానేమోనని. నేను పొయ్యి తుడుస్తూ ఉండిపోయాను.

నమోదు 6, బుధవారం

నజీమా మేడమ్‌కి రేకు రెక్క చూపించాను. ఆవిడ చెడ్డ మనిషి కాదు, రెండుసార్లు చూశారు.

"ఎనిమిది క్షణాలు ఆగితే ఆపెయ్యమని ఏ రూల్లో ఉంది? మీ కోడలు కాబట్టి అడుగుతున్నారంటారు."

గదికి తిరిగొచ్చి పెట్టె రెండు చేతులా ఎత్తి సిమెంటు నేలమీద వేశాను. రెండోసారి ఇంకొంచెం పైనుంచి వేశాను.

"జారిందా, పడేశారా?" అన్నారు మేడమ్, పరుగున వచ్చి.

"అది ముందే పోయిన పెట్టె మేడమ్. అత్త చీటీ ఉంది."

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ అని ఊరికే అన్నారా. నాకు మెమో ఇచ్చారు. విమానం శనివారానికి వాయిదా పడింది. స్టోరు నుంచి రత్నం కొత్త పెట్టె తెచ్చాడు. అత్తకి పెడితే "బాగుంది" అంది. రత్నం నవ్వుతూ, "గండం గడిసిందమ్మా," అన్నాడు.

నేనూ నవ్వాను. సాయంత్రం చేతులు కడుక్కుంటుంటే తట్టింది. కొత్త పెట్టెకి సుభాషిణి చెయ్యి ఇంకా తెలియదు, అందుకే బాగుంది. నేను పగలగొట్టింది అద్దాన్ని. ముఖం అలాగే ఉంది.

నమోదు 7, శుక్రవారం

మధ్యాహ్నం హ్యాంగర్ దగ్గరికి వెళ్ళి, "ఓసారి నా గదికి రా," అన్నాను. రెండేళ్ళలో అది నా మొదటి మాట. సుభాషిణి చేతిలో హెల్మెట్ పక్కన పెట్టి వెంట వచ్చింది.

పాత జ్ఞాపకం నడిపించాను. రెక్క గీత దగ్గర ఆగింది. నేను పైకే లెక్కపెట్టాను, ఎనిమిది దాకా.

"ఇది నీ చెయ్యి," అన్నాను.

అది రెక్కనే చూస్తూ నిలబడింది. "నాకు తెలిసి ఆగుతున్నానేటి అత్తా? అక్కడికెళ్ళాక చెయ్యి మర్చిపోతాది."

"ఏముంది అక్కడ?"

"ఏటీ లేదు. అంతా తెలుపు. ఎవరూ ఏటీ అడగరు. బాగుంటాది." కొంచెం ఆగి అంది, "తిరగాలంటే ఎటు తిరగాలో ఉండాలి కదా."

ధనుంజయ చీటీ తీసి చేతికిచ్చాను. చదివింది. కింద నా చేతిరాత గుర్తుపట్టింది.

"నీ వంతుకి వాడెళ్ళాడని రెండేళ్ళు నిన్ను నంజుకుతిన్నాను," అన్నాను. "పంపించింది నేనే. యంత్రం రాదని చెప్పింది, నేను బాగుందని సంతకం పెట్టాను. తప్పు నాది సుభా. నీది కాదు."

అది ఏడవలేదు. చీటీ మడిచి నా చేతిలోనే పెట్టి, నా మణికట్టు పట్టీ వదులైతే సరిచేసింది.

"రేపు వెళ్ళకు. జ్వరమని చెప్పు," అన్నాను.

"ఒకసారి జ్వరమని సెప్పినాను అత్తా. మళ్ళీ నా వంతు ఇంకొకరికివ్వను."

నమోదు 8, శనివారం

పొద్దున్న అది బయల్దేరుతుంటే గుమ్మం దాకా వెళ్ళి, "వెళ్ళిరా," అన్నాను. తల ఊపింది. "వెళ్ళొస్తా" అంటుందని చూశాను. అనలేదు.

పదిన్నరకి మీటరు పెట్టె భుజాన వేసుకుని టవర్ ఎక్కాను. మైకులో గరగర వస్తోందట, చూడాలి అన్నాను. ఎవరూ చెప్పలేదే అన్నాడు ఆపరేటర్. ముప్ఫై ఒక్క ఏళ్ళ దాన్ని, జరుగు అన్నాను. జరిగాడు.

పదకొండు దాటాక సుభాషిణి గొంతు వచ్చింది. "గీత దగ్గరున్నాను."

తెరమీద పచ్చచుక్క గీత చేరింది. నేను లెక్కపెట్టాను. ఐదు. ఎనిమిది. చుక్క తిరగలేదు. పదకొండు. ఇంటికి రావాల్సిన చుక్క ముందుకే వెళుతోంది, తొందరేమీ లేకుండా. ఆపరేటర్ లేచి నిలబడ్డాడు గానీ, రూలు రూలే కాబట్టి మైకు ముట్టుకోలేదు.

ఏం చెప్పాలో ఆలోచించుకుని రాలేదు. రమ్మని బతిమాలితే వస్తుందా? ఎవరూ ఏమీ అడగరు, బాగుంటుంది అంది కదా. మైకు నొక్కి అడిగాను.

"సుభా, చింతపండు డబ్బా ఎక్కడ పెట్టావే?"

జవాబు లేదు. ఆపరేటర్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. రేడియోలో హోరు. ఆ హోరు వెనక ఎవరో వింటున్నారనిపించింది. సుభాషిణి ఒక్కతే కాదు, ఇంకా చాలామంది. అయినా మళ్ళీ నొక్కాను.

"పులుసు పెట్టాలి. పొద్దుటినుంచి వెతుకుతున్నాను. ఎక్కడో పెట్టేసి పోతే నాకెలా తెలుస్తుంది?"

తొమ్మిది లెక్కపెట్టాను. అప్పుడు గొంతు వచ్చింది, నిద్రలోంచి లేచినట్టు.

"అటకమీద అత్తా. ఎర్రమూత డబ్బా." కాస్త ఆగి, "స్టూలెక్కీకు, పడతావు. నేనొచ్చి తీస్తాను."

పచ్చచుక్క దారి వంగింది. మెల్లగా, చాలా మెల్లగా ఇటు తిరిగింది.

నేను మైకు వదిలేసి నేలమీద చతికిలబడ్డాను. ఆపరేటర్ తన కుర్చీ నావైపు జరిపాడు. గీత దగ్గర రేడియో వాడినందుకు మధ్యాహ్నం రెండో మెమో వచ్చింది. నజీమా మేడమ్ దానిమీద సంతకం పెట్టి, "రేపటినుంచి గీత దగ్గర పైలెట్లని ఏం అడగాలో ఒక జాబితా రాసివ్వండి," అన్నారు తల ఎత్తకుండా.

పులుసు మూడింటికి తిన్నాం. ఉప్పు ఎక్కువైందని కోడలు అంది. అననివ్వండి.

నమోదు 9, సోమవారం

ఐదో నంబరు కొత్త పెట్టె పరీక్షకి వచ్చింది. ఒక్కసారి ఎగిరితే చాలు, పెట్టెకి చెయ్యి పట్టుబడుతుంది. ఎర్తు పట్టీ కట్టుకుని, అత్తని లేపి, కనెక్టర్ బిగించాను. రత్నం పని మానుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

రేకు రెక్క లేచింది, వాలింది. గీత వచ్చింది. ఆగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తిరిగింది.

చీటీ రావడానికి అత్త ఎప్పుడూ లేనంతసేపు తీసుకుంది. లోపల ఏదో రెండుసార్లు కటుక్కుమంది. వచ్చాక రత్నం కళ్ళజోడు సర్దుకుని పైకి చదివాడు.

"చూడాలి."

"అంటే ఏటమ్మా? మంచిదా, సెడ్డదా?"

"పోయింది అనలేదుగా, ఉన్న మాటే," అన్నాను.

కింద గడిలో "చూశాను" అని రాయాలి. పెన్ను పెట్టాను గానీ ఆ మాట రాయబుద్ధి కాలేదు. "చూసుకుంటాను" అని రాసి సంతకం పెట్టాను. గడిలో ఆ మాట చెల్లదని రత్నం అన్నాడు. చెల్లకపోతే మూడో మెమో ఇవ్వమన్నాను.